రాయి లేని ఊరి నుంచి

అంబాజీపేటలో కొన్న రూళ్ళ పుస్తకం.
ముందు పేజీల్లో కోకో గింజల లెక్క,
ఎండినవి తొంభై కిలోలు, పచ్చివి రెండొందలు.
వెనకనుంచి తిప్పితే మాత్రం
అడవి మొదలవుతుంది.

టికాల్, అని రాసుకున్నాను.
నూకరత్నం కూడబలుక్కుని చదివి
"టేకు చెట్లుంటాయేటి?" అంది.
బూరుగు చెట్లుంటాయే, అన్నాను.
మన తెల్లబూరుగే.
మాయా వాళ్ళకది ఆకాశాన్ని మోసే గుంజ.
"మనకి తలగడ," అందది, తాపీగా.

ఎందుకని అడగనిది అదొక్కతే.
మిగతావాళ్ళకి తలో అబద్ధం చెప్పాను.
బ్యాంకు మేనేజరుకి, పంట మెళకువలు నేర్చుకోడానికని.
మా ఆడపడుచుకి, సంఘం వాళ్ళే పంపుతున్నారని.
కోటిపల్లి రేవులో పంటి టికెట్లు కొట్టే కుర్రాడికి
కాశీకని.

పదహారేళ్ళ కింద కొబ్బరి నీడలో
నర్సరీవాడిచ్చిన అరవై మొక్కలు నాటాను.
వీటి పుట్టిల్లెక్కడో అడగలేదు.
కోడల్ని ఊరూ పేరూ అడక్కుండా
చాకిరీ చేయించుకున్నట్టు.
తరవాతెప్పుడో తెలిసింది,
ఆ గింజలే అక్కడ డబ్బులట ఒకప్పుడు.
డొల్ల గింజల్లో మట్టి కూరి
దొంగ డబ్బు చేసినవాళ్ళూ ఉన్నారట.
నూకరత్నం పడీపడీ నవ్వింది:
"మనం చెమ్మ గింజలు తూకంలో కలిపితే
షావుకారు అంతలా తిడతాడేంటి మరి!"

రాజమండ్రి పాస్‌పోర్టాఫీసులో
నా వేలిముద్రలు పడలేదు.
కుడి చెయ్యి, ఎడమ చెయ్యి,
కొంగుతో తుడిచి మళ్ళీ కుడి చెయ్యి.
కాయల జిగురూ కొబ్బరి పీచూ కలిసి
గీతలన్నిటినీ నమిలేశాయి.
"ఏం పని చేస్తారమ్మా?" అన్నాడాయన.
ఏం చెప్పను, మిషను చెప్పేశాక.

మా ఊళ్ళో రాయి లేదు.
రోలూ సన్నికల్లూ రేవు మెట్లూ
అన్నీ పడవెక్కి పైనుంచి వచ్చినవే.
మాదంతా ఒండ్రు.
చిన్నప్పుడు కాకిని కొడదామన్నా
ఎండిన మట్టిబెడ్డే దొరికేది,
గాల్లోనే విడిపోయేది.

పాతూరేదీ అంటే
వేలు నీళ్ళవైపు చూపిస్తాం.
మా నాన్న కట్టిన రెండు గదులు వెళ్ళిపోయిన రోజు
గట్టుమీదే ఉన్నాను.
వరద కూడా కాదు, వరద తీసిన వారానికి.
టీలో ముంచిన బిస్కెట్టులా
గోడ మెత్తగా జారింది.
చప్పుడైనా చెయ్యలేదు.
తెల్లారేసరికి అక్కడ
ఎవడో వల వేస్తున్నాడు.

శిథిలం అనేదాన్ని నేను చూడలేదు.
మా గోదావరి మిగల్చదు.
మనుషులంతా వెళ్ళిపోయాక కూడా
వేర్లు మీదపడి నొక్కుతున్నా
మెట్లు మెట్లుగా నిలబడ్డ ఊరు
ఎలా ఉంటుందో చూడాలి.
ఎక్కను, మోకాళ్ళు ఒప్పుకోవు.
కింద మెట్టుమీద కూచుంటాను,
ఎవరింటికో వచ్చి
వాళ్ళు లేరని తెలిసి
అరుగుమీద కూచున్నట్టు.

కార్తీకం వెళ్ళాక అనుకున్నాం.
అక్కడ వానలు తగ్గుతాయి,
ఇక్కడ పెద్ద కాపుకి ఇంకా టైముంటుంది.
చీటీ పాడాను. ఇంకా లక్షా నలభై తక్కువ.
కొట్టేసి మళ్ళీ కూడాను. లక్షా నలభయ్యే.
నూకరత్నం గేదెని అమ్ముతానంటోంది.
అడవిలో కోతులు పులుల్లా అరుస్తాయటే అంటే
"మా ఆయన గురక కన్నానా?" అంది.

నాలుగు గింజలు పట్టుకెళ్దామనుకున్నాను,
పుట్టింటివాళ్ళకి చూపించడానికి,
ఇదిగో, మీ పిల్ల మా దగ్గర ఇలా ఉందని.
విత్తనాలు దాటనివ్వరట.
సరే.
పులిసిన గింజల వాసన
నా చీరల్ని ఎన్నిసార్లు జాడించినా పోదు.
దాన్ని ఏ ఆఫీసరు
విప్పి చూస్తాడో చూద్దాం.

"అక్కడ రేవు దాటాలా, నడకేనా?"
అడుగుతోంది నూకరత్నం.
రాసుకున్నాను, కనుక్కోవాలి.